స్కానింగు కాగితం కిడ్నీ జాతకం కాదు

అల్ట్రాసౌండు నివేదికలో "గ్రేడ్ 1" అన్న మాట కనబడగానే కిడ్నీలు చెడిపోయాయని తీర్పు చెప్పడం వైద్యం కాదు, భయపెట్టడం. ఆ తీర్పును నమ్మి వికారాబాదు, తాండూరుల నుండి హైదరాబాదుకు పరుగెత్తి అప్పుల పాలయ్యేది పేదలే.

స్కానింగు చూపేది మూత్రపిండపు రూపాన్ని: పొడవు, పైపొర మందం, మూత్రం వెళ్లే దారిలో అడ్డంకి. రక్తాన్ని అది ఎంత చక్కగా వడపోస్తున్నదో స్కానింగు చెప్పజాలదు.

"కార్టికల్ ఎకోజెనిసిటీ గ్రేడ్ 1" అంటే పైపొర తెరపై మామూలు కన్నా కొంచెం తెల్లగా కనబడిందని మాత్రమే. చూసేవారిని బట్టి, యంత్రాన్ని బట్టి కూడా అది మారుతుంది. "సింపుల్ సిస్ట్" నీటితిత్తి. 50 ఏళ్లు దాటినవారిలో సాధారణం, చాలామందికి చికిత్సే అక్కరలేదు. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు మూత్రంతోనే పోతాయి. "స్వల్ప హైడ్రోనెఫ్రోసిస్" మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడూ కనిపించవచ్చు. మూత్రవిసర్జన చేయించి మళ్లీ చూడాలి.

"నార్మల్" అన్న మాటనూ గుడ్డిగా నమ్మరాదు. మధుమేహం వల్ల కిడ్నీ దెబ్బతినడం మొదలైనప్పుడు స్కానింగు నిక్షేపంగా ఉంటుంది. మూత్రంలో అల్బుమిన్ మాత్రం అప్పటికే పోతుంటుంది.

తాండూరు నాపరాతి గనుల్లో ఎండకు చెమటోడ్చే కూలీకి రాయి కనబడితే, నీళ్లలో సున్నం ఉందని చెప్పి చేతులు దులుపుకోకూడదు. చెమటగా పోయినంత నీరు తిరిగి తాగకపోవడం రాళ్లకు ముఖ్యకారణం. పనిచోట నీడ, తాగునీరు కల్పించవలసింది యజమానులు. అవి లేక, ఒళ్లునొప్పులకు రోజూ మింగే డైక్లోఫినాక్ బిళ్ల చిన్న రాయి కన్నా ఎక్కువ కీడు చేయగలదు.

నిజంగా తొందరపడవలసిన సందర్భాలున్నాయి. మూత్రానికి అడ్డంకితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి పైపొర పలచబడితే అది పాత జబ్బుకు గుర్తు. నిపుణుని సలహా తప్పనిసరి.

మిగిలినవారు వైద్యుణ్ణి రెండే ప్రశ్నలు అడగండి. రక్తంలో క్రియాటినిన్, దాని నుండి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ ఎంత? మూత్రంలో అల్బుమిన్ ఎంత? ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువగా 3 నెలలకు మించి నిలిచినా, అల్బుమిన్ అంతకాలం పోతూనే ఉన్నా దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు.

ఈ రెండు పరీక్షలు చేయించకుండా స్కానింగు కాగితం ఒక్కటే చూసి "కిడ్నీ పోయింది" అనేవారు వైద్యులైనా, ల్యాబు ఏజెంట్లయినా, వారి మాటను లెక్కచేయకండి.