ఎత్తు కాలమ్‌ల ఒక్కటే అంకె

మా వాడకట్టుల ఒక పోరడున్నడు. పద్నాలుగేండ్లు, తొమ్మిదో తరగతి. ప్రార్థన లైన్ల మాత్రం నాలుగో తరగతోళ్ల పక్కన నిలబెడ్తరు. "పొట్టోడా" అంటే నవ్వుతడు. నేను గూడ ఇన్నేండ్లు "వాళ్ల నాయిన పోలిక" అనుకున్న. వాళ్ల నాయిన నాకన్న ఎత్తు మనిషి. అది నా కండ్లకు కనవడలే.

పట్నంల డాక్టరు చూసి చెప్పిండు, గ్రోత్ హార్మోన్ లోపమని. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటది. ఎదుగుడుకు కావాల్సిన ఈ హార్మోన్ అక్కడ్నుంచే రావాలె. బడీడు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరిగితే, ఈ లోపమున్నోళ్లు శానమంది నాలుగు గూడ పెరగరు. తెలివి మంచిగనే ఉంటది, కాళ్లు చేతులు ఒంటికి తగ్గట్టే ఉంటయి. అందుకే ఎవ్వరికీ అనుమానం రాదు.

మందున్నది. తోలు కింద సూది, రోజూ రాత్రి, ఏండ్లకేండ్లు. మెస్సీకి గిదే లోపం. ఖర్సు మేం పెట్టుకుంటమని బార్సిలోనా క్లబ్బు ఒప్పుకుంటేనే పదమూడేండ్లకు అర్జెంటీనా ఇడిసి పోయిండు. మా పోరనికి ఏ క్లబ్బున్నది? డోసు బరువును బట్టి, అంటే వాడు పెరిగినకొద్ది బిల్లు గూడ పెరుగుతది. పైంగ మందును 2 నుంచి 8 డిగ్రీల సల్లదనంల దాయాలె. ఎండకాలం ఊర్ల కరెంటు ముచ్చట మీకెర్కే.

అట్లని పొట్టిగున్నోళ్లందరికీ ఇదే రోగమనుకోకుండ్రి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల ఐదేండ్లలోపు పిల్లలు 33.1 శాతం మంది ఈడుకు తగ్గ ఎత్తు లేరు. వాళ్లల్ల శానమందికి కావాల్సింది సూది గాదు, గుడ్డు, పాలు, పప్పు, మంచి నీళ్లు. థైరాయిడ్ తక్కువైనా ఎదుగుడు ఆగుతది, దానికి అగ్గువ గోలీ ఉన్నది. అందుకే రక్తపరీక్షలు, ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీసి తేల్చాలె. ఇన్‌స్టాల అమ్మే ఎత్తు పౌడర్లకు పైసలు పెట్టెటోళ్లు గీ ముక్క ఇంటే సాలు.

సర్కారు ఏం జేయలేదని నేనన. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంల, రుజువైన గ్రోత్ హార్మోన్ లోపానికి చికిత్స ఉన్నది. 2022ల సాయాన్ని 50 లక్షల దాకా పెంచిండ్రు. హైదరాబాదుల నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిపి ఒక కేంద్రం. గని ఆడిదాక పోవాలంటే ముందుగాల ఊర్ల ఎవరన్న అనుమానపడాలె గద! అంగన్వాడీల ఎత్తు కొలుస్తరు. బడికొచ్చినంక రాష్ట్రీయ బాల స్వాస్థ్య టీము ఏడాదికోపారి రావాలె. ఒక్కపారి కొలిస్తే ఏం తెల్వదు, పోయినేడుకు ఈయేడుకు తేడా చూస్తేనే రోగం దొరుకుతది.

ఎముకల చివర్ల ఎదిగే జాగ మూసుకపోతే ఎంత మందేసినా ఎత్తు పెరగదు. మా వాని ఎక్స్‌రేల ఎముకల వయసు తొమ్మిదేండ్లని వచ్చింది. ఇంక టైమున్నదన్నట్టు. వాళ్ల అమ్మ ఆ మాటకే ఏడ్సింది.

సోమవారం బడికి పోయి ఎత్తుల రిజిస్టరు అడిగిన. మూడేండ్ల సంది వాని పేరు ముంగట ఒక్కటే అంకె. వానికే గాదు, ఆ తరగతిల ఇంకో ఆరుగురికి గూడ.