గెలుపునకు అక్కఱకు రాని విద్యలు

తెరపై ఆడెడి వీడియో ఆటలను గూర్చి పెద్దలలో పెక్కుమందికి మంచి అభిప్రాయము లేదు. ఆటయే కాలహరణమని తలంచువారితో, అందు గెలుపునకు ఏమాత్రమును తోడ్పడని చేష్టలు కొన్ని కలవనియు, అవియే మిక్కిలి మెచ్చదగినవనియు పలికినచో నవ్వుదురు. అయినను ఆ మాటయే చెప్పదలచితిని.

1996వ సంవత్సరమున జపాను దేశపు నింటెండో సంస్థ ‘సూపర్ మారియో 64’ అను ఆటను వెలువరించెను. ఆట ఆరంభము కాకమునుపే మీసాల మారియో ముఖము తెరనిండ కనబడును. ఆతని ముక్కు పట్టి లాగవచ్చును, చెవులు సాగదీయవచ్చును, విడిచినంతనే ముఖము యథాస్థితికి వచ్చును. ఇందువలన ఆటలో గెలువవలసిన నక్షత్రములలో ఒక్కటియు లభింపదు. ఆట నడుమ మనము ఊరకున్నచో మారియో కొంతసేపు దిక్కులు చూచి, పిదప కూర్చుండి, తుదకు నిద్రించును. పని లేనప్పుడును ఆతడు బ్రతికియే యున్నాడన్న నమ్మకము ఆ నిద్రవలననే కలుగుచున్నది.

2022లో ఫ్రాన్సు దేశీయులు నిర్మించిన ‘స్ట్రే’ ఇంతకంటెను విచిత్రము. ఇందు ఆడువాడు ఒక పిల్లి. మరమనుష్యులు నివసించు చీకటి నగరమునుండి అది బయటపడవలెను. ఒక మీట నొక్కినచో ‘మ్యావ్’ అనును. కొన్ని తావులలో మెత్తని దిండు చూచుకొని ముడుచుకొని పరుండును. అంతట దృశ్యము మెల్లమెల్లగా వెనుకకు జరుగును. మనము లేపువరకు అది నిద్రించుచునే యుండును. దారి వెదకుటకు ఆ నిద్ర సాయపడదు. కాని అది లేనిచో మనము పిల్లితోలు కప్పుకొన్న మనుష్యులమేగాని పిల్లులము కానేరము. గంటకు మించి నిద్రించినవారికిని, నూరుసార్లు అరచినవారికిని నిర్మాతలు చిన్న బిరుదు లేర్పరచిరి. హాస్యమునకే కావచ్చును, నాకు మాత్రము రుచింపలేదు. వెల కట్టినంతనే బాలురు పిల్లిని మఱచి గడియారము చూడ మొదలిడుదురు.

ఆటలో తక్కినదంతయు లెక్కయే. నాణెమునకు ఇన్ని గుణములు, తాళపుచెవికి ఇన్ని తలుపులు. పిల్లి ఏల అరచెనన్న, అరవవలెననిపించినది గనుక అనుటయే సమాధానము. ఆడువాని మనస్సు బయటపడునది అచ్చటనే. నేడు దినదినమును బహుమానము చూపి పిల్లలను కట్టివేయు ఆటలు పెక్కు గలవు. వ్యర్థముగా కనబడు ఈ చేష్టలు ఎవరిని కట్టివేయవు. పిల్లిని పరుండబెట్టి లేచి భోజనమునకు పోవచ్చును. మన అష్టావధానమున అప్రస్తుత ప్రసంగము చేయువాడు పద్యమునకు ఒక్క అక్షరమైనను చేర్చడు. పైగా అవధాని ఏకాగ్రతను చెఱుప జూచును. సభ్యులు ఆతని మాటకే చెవి యొగ్గి యుందురు గదా!

అట్లని ప్రతి గడ్డిపరకను చిత్రించినదే గొప్ప ఆటయని నే ననను. అందుకై పనివారు రాత్రింబవళ్లు నలిగినచో ఆ వెల అధికము. మారియో ముక్కువంటిది ఒక్కటి చాలును.

ఈ విద్యలలో ప్రాచీనమైన దొకటి అమెరికాలో పుట్టినది. 1980లో అటారి సంస్థ ‘అడ్వెంచర్’ అను ఆటను ప్రకటించెను. దాని నిర్మాత వారెన్ రాబినెట్. ఆ కాలమున ఆ సంస్థ నిర్మాతల పేర్లు ప్రకటించెడిది కాదు. ఆతడు ఎవ్వరికిని చెప్పక ఆటలో ఒక రహస్యపు గదిని కట్టి, అందు తన పేరు వ్రాసికొనెను. దానిని చేరుటకు నేలరంగులో కలిసిపోయిన ఒక చిన్న చుక్కను తడవి పట్టుకొనవలెను. ఆట లక్ష్యమైన బంగారు పాత్రను సాధించుటకు ఆ చుక్కతో పని లేదు. ఒక బాలుడు దానిని కనుగొని సంస్థకు జాబు వ్రాసెను. అప్పటికే రాబినెట్ కొలువు విడిచియుండెను. అధికారులు మొదట ఆ గదిని తొలగింపదలచిరి. పిదప మనసు మార్చుకొని, ఇకమీదట వచ్చు ఆటలలోను ఇట్టివి దాచవచ్చుననిరి. ఈస్టరు పండుగనాడు పిల్లలు వెదకుటకై గ్రుడ్లు దాచు ఆచారమునుబట్టి వానికి ‘ఈస్టరు గ్రుడ్లు’ అని పేరిడిరి.