ప్రయోగానికీ పరీక్ష పెట్టాలి

పదో తరగతి జీవశాస్త్రంలో మోల్ అర్ధపత్ర ప్రయోగం చదవని తెలుగు విద్యార్థి అరుదు. కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డై ఆక్సైడ్ అవసరమని నిరూపించే ప్రయోగమది. ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ వరుసగా రాసి, కార్బన్ డై ఆక్సైడ్ లేకుండా చేసిన సీసాలోకి సగం దూర్చిన ఆకు బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. ఆ సీసాను చేత్తో పట్టుకున్నారా, ఆకు మీద అయోడిన్ చుక్క వేసి చూశారా అని ఎవరూ అడగరు. రెండు తెలుగు రాష్ట్రాల పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లోనూ ప్రాక్టికల్ లేదు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవారికే జీవశాస్త్రం ప్రాక్టికల్ ఎదురవుతుంది. ఎంపీసీకో, పాలిటెక్నిక్‌కో, కామర్స్‌కో వెళ్లినవారికి జీవశాస్త్రం పదితోనే సరి. ఇది మారాలి. జీవశాస్త్రం మార్కుల్లో కనీసం నాలుగో వంతు విద్యార్థి స్వయంగా చేసి, చూసి, తేల్చిన పనికే దక్కాలి.

పుస్తకంలో ఏ ప్రయోగమూ విఫలం కాదు, తరగతి గదిలో అవుతుంది. కుండీ మొక్కను ముందుగా చీకట్లో ఉంచి ఆకుల్లోని పిండిపదార్థం ఖర్చయ్యేలా చూడకపోతే, సీసాలోని సగమూ బయటి సగమూ రెండూ నీలి నలుపుగా మారతాయి. బిరడా చీలిక దగ్గర వాజిలైన్ సరిగా పూయకపోతే గాలి చొరబడి మళ్లీ అదే తంతు. రెండు సగాలూ ఒకేలా నల్లబడిన ఆకును ముందు పెట్టుకుని ‘ఎక్కడ తేడా కొట్టింది’ అని పిల్లలు తర్జనభర్జన పడే ఆ పావుగంటే అసలైన సైన్సు పాఠం. ప్రయోగం సరిగా చేస్తే ఆకు ఒకటే, ఎండ ఒకటే, వేళ్లకు అందే నీరూ ఒకటే. మారింది ఒక్క కార్బన్ డై ఆక్సైడే కాబట్టి ఫలితాన్ని దానికి ముడిపెట్టగలుగుతున్నాం. మిగతావన్నీ యథాతథంగా ఉంచి ఒక్కదాన్నే మార్చి పోల్చడమనే ఈ పద్ధతి, జవాబు పత్రంలో ఎంత చక్కగా రాసినా ఒంటబట్టదు.

ఒంటబట్టకపోతే ఏమవుతుందో 2021 మేలో చూశాం. కోవిడ్ రెండో అల ఉద్ధృతిలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటు మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రాణభయంతో వచ్చినవారిని నిందించడం అన్యాయం. అయితే ‘మందు వేసుకున్నాక తగ్గింది’ అన్న మాట ఊరూరా పాకిన వేగంతో, ‘వేసుకోనివారిలో ఎందరికి తగ్గింది’ అన్న ప్రశ్న పాకలేదు. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఎలాగూ కోలుకుంటారు గనుక, ఆ రెండో సంఖ్య లేకుండా మొదటిదానికి విలువ లేదు. అర్ధపత్ర ప్రయోగం అడిగేదీ ఇదే ప్రశ్న. ఇలాంటి జాగ్రత్త విలువకు ఉదాహరణ మన దగ్గరే ఉంది. దోమల వల్ల మలేరియా వ్యాపించే తీరుకు కీలక ఆధారం 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే దొరికింది. రోనాల్డ్ రాస్ లార్వాల నుంచి పెంచిన దోమలను రోగి మీద వదిలి, తర్వాత వాటిని కోసి చూశారు. అవి అంతకుముందు ఎవరినీ కుట్టలేదన్న భరోసా ఉండబట్టే ఆ పరిశీలనకు అంత బలం.

ప్రయోగశాలలు లేవన్నది మొదటి అభ్యంతరం. ఉల్లిపొర, నానబెట్టిన శనగలు, అయోడిన్, గడియారం ఉంటే చాలా పనులు జరుగుతాయి. గుంటల్లో నిలిచిన నీటిని గాజుగ్లాసులో పోస్తే, ఉపరితలానికి సమాంతరంగా తేలే ఎనాఫిలిస్ లార్వాను, తల కిందికి వాల్చి వేలాడే క్యూలెక్స్ లార్వాను కంటితోనే పోల్చుకోవచ్చు. సమయం చాలదన్నది రెండోది. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం నిర్వచనాల బరువు తగ్గించి ప్రయోగాలకు చోటిచ్చింది. పుస్తకం చూసి రాసే పరీక్షతో పాటు ప్రయోగ పరీక్షా పెట్టింది. 16 బడులతో మొదలై వందల ప్రభుత్వ బడులకు విస్తరించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసినా, మామూలు పల్లె బడుల్లో ఇది సాధ్యమేనని మూడు దశాబ్దాలు చూపింది.

మార్కులు పప్పుబెల్లాల్లా పంచేస్తారన్నది గట్టి అభ్యంతరమే. అంతర్గత మార్కుల విషయంలో ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. అందుకే ఈ నాలుగో వంతులో సగాన్ని రాత పరీక్షలోనే ఉంచాలి. పుస్తకంలో లేని ఒక పరిశీలన పట్టిక ఇచ్చి ఏం తేలుతుందో, ఏ పోలిక లోపించిందో అడగాలి. ప్రయోగం చేయనివారు దాన్ని బట్టీపట్టి రాయలేరు. మిగతా సగానికి వేరే బడి ఉపాధ్యాయుడు వచ్చి, చీటీ తీయించి, కళ్లెదుటే చేయించి మార్కులు వేయాలి. నీట్‌లో 720కి 360 మార్కులు జీవశాస్త్రానివే కాబట్టి బిట్లే ముఖ్యమనే తల్లిదండ్రులు, పదో తరగతి రాసే పిల్లల్లో వైద్య కళాశాల మెట్లెక్కేది కొద్దిమందేనని గమనించాలి.

తెలుగు రాష్ట్రాలు తమ సొంత పాఠ్యపుస్తకాల్లో ప్రకటించిన విద్యాప్రమాణాల్లో ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తగా సిద్ధాంతాలు వెతకక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం బడులు తెరిచేలోపే రెండు రాష్ట్రాల పరీక్షల విభాగాలు ఈ మార్కుల విభజనను ప్రకటించి, నమూనా ప్రశ్నపత్రాలను ఉపాధ్యాయుల చేతిలో పెట్టాలి.