ఆ అమ్మాయిని ఎందుకు చంపారు?

నెల రోజులుగా మన హాస్టల్లో ఏ మూలకెళ్ళినా ఒకటే గొడవ. నీళ్ళ పంపు దగ్గరా అదే, భోజనాల లైన్లోనూ అదే. యండమూరి వీరేంద్రనాథ్ గారి "వెన్నెల్లో ఆడపిల్ల" నవల బాగుందా, బాగాలేదా? బాగుందన్నవాళ్ళు ఒక పక్క, బాగాలేదన్నవాళ్ళు ఒక పక్క అయిపోయి, ఇద్దరు స్నేహితురాళ్ళయితే ఒకే కంచంలో తినడం కూడా మానేశారు. ఇలాంటివి రాసుకోవడానికే కదా గోడపత్రిక ఉన్నది అని సంపాదకవర్గం అక్కలు అడిగితే నేను రాస్తున్నాను. ఇది నా అభిప్రాయం. కాదన్నవాళ్ళు కూడా రాసివ్వండి, పక్కనే అతికిస్తాం.

చదవనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్పాలి. చివర ఏమవుతుందో కూడా చెప్పేస్తాను, ఎందుకంటే గొడవంతా దాని మీదే. తెలుసుకోకూడదు అనుకున్నవాళ్ళు ఇక్కడే ఆపేసి కింద ఉన్న పొడుపుకథలు చదువుకోండి.

రేవంత్ అని ఒక పెద్ద చెస్ ఆటగాడు. అతనికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. గొంతు బాగుంటుంది, మాటలు ఇంకా బాగుంటాయి. తనెవరో చెప్పదు, ఎక్కడుంటుందో చెప్పదు. కావాలంటే నువ్వే కనుక్కో అని చిక్కులు ఇస్తుంది. అతను బుర్ర పెట్టి ఒక్కొక్కటీ విప్పుతూ ఉంటాడు. ప్రేమకథా, సస్పెన్స్ కథా అంటే రెండూ. ఇది 1980లలో వచ్చిన నవల. అప్పటి ఇంటి ఫోన్లలో ఎవరు చేస్తున్నారో నంబరు కనపడేది కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఏడో తరగతి చెల్లెళ్ళు "నంబరు పడుతుంది కదా, తిరిగి చేస్తే సరిపోయె" అని పుస్తకం పక్కన పడేశారు. వాళ్ళకి చెప్పాక మళ్ళీ మొదటినుంచి చదివారు.

నిజానికి ఈ కథ మనకి ఎక్కినంతగా టౌన్లో పిల్లలకి ఎక్కదేమో అనిపిస్తుంది. మన గూడేల్లో చాలా వాటికి టవర్ అందదు. ఆదివారం అమ్మ కొండెక్కి, సిగ్నల్ దొరికే చోట నిలబడి, హాస్టల్ ఫోనుకి చేస్తుంది. గాలి చప్పుడు, మధ్యలో కట్ అవడం, మళ్ళీ చేయడం. సెలవులొచ్చేదాకా మనకి అమ్మంటే ఒట్టి గొంతే. అందుకని గొంతు విని ఒక మనిషి మీద ప్రాణం పెట్టుకోవడం అనేది మనకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

యండమూరి గారు అల్లాటప్పా రచయిత కాదు. చిరంజీవి "అభిలాష" (1983), "ఛాలెంజ్" (1984) ఆయన నవలల్లోంచి తీసినవే. మన లైబ్రరీ బీరువాలో "విజయానికి ఐదు మెట్లు" ఉంది, ఎప్పుడు అడిగినా ఎవరో ఒకరి పేరు మీద బయటే ఉంటుంది. ఈ "వెన్నెల్లో ఆడపిల్ల"ని కన్నడంలో 1995లో "బెళదింగళ బాలె" అని సినిమా తీశారు. అనంత్ నాగ్ అందులో రేవంత్. ఆ అమ్మాయి మొహం సినిమాలో చూపించరు, గొంతే వినపడుతుంది. అంత పేరున్న కథ ఇది. పేరుంది కాబట్టే మనం కొట్టుకుంటున్నాం, ఎవరో తెలియని రచయితదైతే చదివి మూలన పడేసేవాళ్ళం.

అసలు మజా ఎక్కడ వచ్చిందంటే, మన హాస్టల్కి వచ్చిన పుస్తకంలో చివరి పేజీలు లేవు. డిగ్రీ చదివే ఒక అక్క సంతలో పాత పుస్తకాల కుప్పలోంచి తెచ్చి ఇచ్చింది. అట్ట లేదు, వెనక కొన్ని పేజీలు చిరిగి పోయాయి. అతను ఆమె దగ్గరకి చేరబోతుండగా కాగితాలు అయిపోయాయి. చెప్పండి, ఎవరు నిద్రపోతారు?

తొమ్మిది రోజులు మనం ఎవరికి తోచిన ముగింపు వాళ్ళు చెప్పుకున్నాం. ఆ అమ్మాయి కూడా చెస్ ఆడుతుంది, ఎప్పుడో అతని చేతిలో ఓడిపోయి ఇప్పుడు ఇలా ఓడిస్తోంది అని ఒకరు. ఆమెకు కళ్ళు కనపడవు, అందుకే గొంతుతోనే ప్రేమించింది అని ఒకరు. పక్కింట్లోనే ఉంటుంది, రోజూ అతన్ని కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది అని ఒకరు. వంట ఆయమ్మని అడిగితే పప్పు తిప్పుతూ, "దానికి పెళ్ళయిపోయుంటాది, అందుకే దాక్కుంది" అని ఒక్క మాటలో తేల్చేసింది. పదో తరగతి అక్క ఒకామె ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టింది. మొత్తం పదిహేడు ముగింపులు.

తర్వాత పేజీలన్నీ ఉన్న పుస్తకం వచ్చింది. చదివాం. అతను వెతుక్కుంటూ చేరేసరికి ఆ అమ్మాయి లేదు. నయంకాని జబ్బు. చనిపోయింది.

ఆ రాత్రి మన డార్మిటరీలో కొందరు వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడ్చినవాళ్ళలో ఎక్కువమంది "బాగుంది" పక్షం. ఏడిపించింది కాబట్టి గొప్ప నవల అని వాళ్ళ లెక్క. కొందరికి కోపం వచ్చింది. ఇంత దూరం తిప్పి చివరికి ఇదా చెప్పేది అని. లెక్కలంటే ఇష్టమున్న ఒకమ్మాయికి ఏడుపూ లేదు, కోపమూ లేదు. చిక్కులు బాగున్నాయి, ముగింపు ఎలా ఉంటే మనకేంటి అంది. ఆరో తరగతి పిల్ల ఒకతి మాత్రం "మరి ఆ అబ్బాయి తర్వాత పెళ్ళి చేసుకున్నాడా?" అని అందర్నీ అడుగుతూ తిరిగింది. ఇప్పటికీ అడుగుతోంది.

నాకు బాగాలేదు. ఎందుకో చెప్తాను.

విషాదంగా ముగిసింది అని కాదు. దేవదాసు కూడా చచ్చిపోతాడు. కానీ అక్కడ మనిషి ఎలా పాడైపోతున్నాడో మనం కళ్ళారా చూస్తూ ఉంటాం, చివరికి వచ్చేసరికి ఇంకోలా జరగదని తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. అయినా రచయిత మోసం చేశాడని కూడా నేను అనను. మనలో ఒకామె పట్టుబట్టి రెండోసారి చదివి వాదించింది. అంత ప్రేమ ఉన్నప్పుడు ఎందుకు దాక్కుంటోంది అనేదే కదా అసలు ప్రశ్న, ఆ జబ్బు దానికి సరిగ్గా సరిపోయే జవాబు, అంది. నిజమే. తాళానికి తాళంచెవి పట్టింది. కానీ అది అన్ని తాళాలకీ పట్టే తాళంచెవి. ఏ కథలో ఎవరు ఎందుకు దూరంగా ఉన్నారన్నా జబ్బు అని చెప్పేయొచ్చు. అంత తెలివైన చిక్కులు కట్టిన రచయిత చివరి చిక్కుకి అందరికంటే సులువైన జవాబు రాశాడు. మన నోట్‌బుక్‌లో వంట ఆయమ్మ జవాబే దానికంటే కొత్తగా ఉంది.

ఇంకోటి. ఈ నవలలో ఆట నడిపింది ఎవరు? ఆ అమ్మాయి. నియమాలు ఆమెవి, ఎప్పుడు ఫోన్ చేయాలో ఆమె ఇష్టం, ఎంత చెప్పాలో ఆమె ఇష్టం. అంత పెద్ద ఆటగాడు ఆమె వెనకాల పరుగెత్తాడు. మనకి నచ్చింది అదే. రాత్రి లైట్లు ఆపాక "ఇప్పుడు అతన్ని ఏం అడుగుతుందో" అని గుసగుసలాడుకున్నది అందుకే. అలాంటి పిల్లని చివర్లో తీసేస్తే ఇక మిగిలేది అతని బాధ. కథంతా అతనిదైపోయింది. ఆమె ఒక జ్ఞాపకం అయిపోయింది. పేరులో ఉన్న ఆడపిల్ల కథలో లేకుండా పోయింది.

ఇక అసలు సంగతి. ఇది రాయమని నన్ను అడిగింది మనలో ఒకామె. పేరు రాయొద్దంది, రాయను. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి ఆ జబ్బు లేకుండా చేయాలని. ఏజెన్సీ పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి మన స్కూల్లోనూ వేలిమీద సూది గుచ్చి పరీక్ష చేశారు, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కార్డులు ఇచ్చారు. ఆమెకి వచ్చిన కార్డులో జబ్బు ఉందని వచ్చింది. మందులు వేసుకుంటోంది, నీళ్ళు ఎక్కువ తాగుతోంది, చలికాలంలో ఒళ్ళు నొప్పులొస్తే రెండు రోజులు పడుకుంటుంది, లేచి మళ్ళీ క్లాసుకి వస్తుంది. కబడ్డీలో రైడింగ్‌కి వెళ్ళదు, స్కోరు రాస్తుంది. అంతే తేడా.

ఆమె ఆ చివరి పేజీలు చదివి పుస్తకం మూసి అడిగింది: "జబ్బున్న పిల్ల కథలో ఉండేది చచ్చిపోవడానికేనా?"

నాకు జవాబు దొరకలేదు. ఏడ్చినవాళ్ళకీ దొరకలేదు. నవలల్లో, సినిమాల్లో జబ్బు అంటే చివర్లో వచ్చే ఒక ఆశ్చర్యం. మనకి జబ్బు ఆశ్చర్యం కాదు. వాన పడితే జ్వరాలొస్తాయని తెలుసు, రోడ్డు లేని గూడెంలో పురుటి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకెళ్ళాలని తెలుసు. డోలీ మోసినవాళ్ళు మన నాన్నలే. ఎవరు మోస్తారు, వాగు దాటొచ్చా, ఆటో దొరుకుతుందా, డబ్బులు ఎవరి దగ్గర ఉన్నాయి, పాడేరు ఆసుపత్రిలో మంచం దొరుకుతుందా, అక్కడ ఉంది మనకి సస్పెన్స్. అక్కడ కూడా చాలామంది బతికి వస్తారు. బతికి వచ్చినవాళ్ళ కథ ఎవరూ రాయరు, ఎందుకంటే దానికి చదివేవాళ్ళు ఏడవరు.

"అంత పెద్ద రచయితని హాస్టల్ పిల్లలు ఇలా అనొచ్చా?" అని కొందరు అక్కలు అన్నారు. ఎందుకనకూడదు? ఆయన "తులసిదళం" రాసినప్పుడు, ఊళ్ళన్నీ ఊగిపోతూ చదువుతున్నప్పుడు, రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని ఘాటుగా విమర్శ రాశారు. మంత్రాలూ, కాష్మోరాలూ నిజమన్నట్టు రాయడం ఏమిటని ఆమె గొడవ. ఆ నవలలో మంత్రగాళ్ళు ఎక్కడివాళ్ళు? అడవివాళ్ళే. మా తాతకి అది చదివి వినిపిస్తే నవ్వుతాడో, కర్ర తీస్తాడో తెలీదు. చిల్లంగి పెట్టారని అనుమానించి మనిషిని చంపుకున్న ఊళ్ళు మన ఏజెన్సీలో ఉన్నాయి కాబట్టి నాకైతే నవ్వు రాదు. సరే, అది వేరే గొడవ, ఇంకో సంచికకి.

పూర్తిగా తిట్టిపోసి వదిలేయను. ఈ నవల వల్ల మన హాస్టల్లో జరిగినవి కొన్ని నేను కళ్ళారా చూశాను. ఆటల గదిలో అడుగున పడున్న చెస్ బోర్డు బయటికి వచ్చింది. ఒక ఏనుగు లేకపోతే ఆ చోట చింతగింజ పెట్టి ఆడుతున్నారు. ఎనిమిదో తరగతివాళ్ళు తమ పేర్లకి, రోల్ నంబర్లకి చిక్కులు కట్టి ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటున్నారు. లెక్కల మాస్టారు క్లాసులో అడిగితే నోరు మెదపనిపిల్ల చిక్కు విప్పడానికి సమీకరణం రాసింది. నవలలో చెస్ వీరుడు అబ్బాయే, ఆడపిల్ల ఫోన్లో గొంతు. కానీ 2002లో గుడివాడ అమ్మాయి కోనేరు హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా తెచ్చుకున్న ఆడపిల్ల ఇంకెవరూ లేరు. రచయిత ఈ నవల రాసేనాటికి ఆ అమ్మాయి సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు పట్టను. మనకి తెలుసు కాబట్టి చెప్తున్నాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ట్రంకు పెట్టెల తనిఖీలో నవల దొరికితే ప్రేమ నవల అని తీసేసుకుంటున్నారు. మీ భయం మాకు తెలుసు మేడమ్. పది తప్పి ఇంటికెళ్ళి, ఆ వేసవిలోనే పెళ్ళి అయిపోయిన అక్కలు మాకూ ఉన్నారు. కానీ వాళ్ళు నవల చదివి పెళ్ళి చేసుకోలేదు. చదవడానికి ఏమీ లేక, వెనక్కి పిలిచేవాళ్ళు లేక వెళ్ళిపోయారు. ఈ నెల్లాళ్ళూ మేం ఒక పుస్తకం గురించి ఎంత కొట్టుకున్నామో చూశారు. స్టడీ అవర్‌లో చదవం, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. తీసుకున్న పుస్తకాలు లైబ్రరీ బీరువాలో పెట్టి, పేరు రాసుకుని ఇవ్వండి. మీరు కూడా చదివి ముగింపు బాగుందో లేదో ఈ గోడ మీదే రాస్తే మాకు ఇంకా సంతోషం.

కార్డు వచ్చిన ఆమె కూడా ఆ నోట్‌బుక్‌లో రాసింది. పద్దెనిమిదో ముగింపు. అందులో అతను వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ అమ్మాయి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మందుల చీటీ పట్టుకుని లైన్లో తన వంతు కోసం చూస్తుంటుంది. అతన్ని చూసి, "వచ్చావా, కాస్త ఈ చీటీ పట్టుకుని నిలబడు, నేను నీళ్ళు తాగొస్తా" అంటుంది. అంతే రాసింది. కొందరికి ఇది మరీ చప్పగా ఉందిట. నాకు మాత్రం పద్దెనిమిదింట్లో ఇదే నచ్చింది, రేవంత్ ఎలాంటివాడో ఆ లైన్లో నిలబడితేనే తెలుస్తుంది.

నోట్‌బుక్ పదో తరగతి 'బి' సెక్షన్ అక్కల దగ్గర ఉంది, అడిగితే ఇస్తారు. పేజీలన్నీ ఉన్న పుస్తకం శనివారం దాకా ఎనిమిదో తరగతివాళ్ళది, తర్వాత ఏడో తరగతి. చివరి పేజీలు ఎవరూ చింపొద్దు, నచ్చకపోయినా సరే.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని