చక్రం నడుమ ఉక్కు గుండ్లు



కిందటి నెల పంక్చరు వేసుకోవటం నేర్చుకున్నాం. ఈ నెల చక్రం నడిమికి పోదాం. ఆ భాగాన్ని హబ్బు అంటారు. సైకిలు బరువూ, మీ బరువూ, వెనక కూర్చున్న తమ్ముడి బరువూ రెండు హబ్బులే మోయాలి.

ముందొక ప్రయోగం. నాలుగు లావు పుస్తకాలు దొంతిగా బల్లమీద పెట్టి వేలితో నెట్టండి. మొరాయిస్తాయి. వాటి కింద ఒకే సైజు గోళీలు పది పరిచి మళ్ళీ నెట్టండి. ఇట్టే కదులుతాయి! జారే వస్తువుకన్నా దొర్లే వస్తువుకు రాపిడి చాలా తక్కువ. హబ్బులో కిటుకు ఇదే. ఇరుసు రెండు కొసలా ఉక్కు గుండ్లు వరసగా ఉంటాయి. అవి దొర్లే గిన్నెవంటి భాగం కప్పు. ఇరుసు మరమీద ఎక్కి, గుండ్లను కప్పుకు అదిమిపెట్టేది కోను. 1869లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో జేమ్స్ మూర్ గెలిచినప్పుడు, ఆయన సైకిలుకు గుండ్ల బేరింగులే ఉన్నాయి.

వానలో గ్రీజు కొట్టుకుపోయి, లోపల దుమ్ము చేరుతుంది. ఆ దుమ్ము ఆకురాయిలాగా ఉక్కును అరగదీస్తుంది. ముందు చక్రం పైకెత్తి, రిమ్ము పట్టుకుని పక్కలకు ఊపండి. కటకటమంటే కోను వదులైందన్నమాట. తిప్పితే గరగరమంటే లోపల దుమ్మయినా ఉండాలి, బిగువైనా ఎక్కువై ఉండాలి.

బాగుచెయ్యటానికి పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. చెక్‌నట్టు ఉన్న ముందు చక్రంతో మొదలుపెట్టండి. వెనక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది, దాన్ని షాపుకే వదలండి. మూసివేసిన బేరింగులున్న కొత్తరకం హబ్బును విప్పరాదు.

చక్రం ఊడదీసి వెడల్పు పళ్ళెంమీద పెట్టండి. ఒక పక్కన పలచని పానాతో కోను కదలకుండా పట్టుకుని, ఇంకొక పానాతో చెక్‌నట్టు విప్పండి. తరవాత వాషరూ, కోనూ తియ్యండి. రెండో పక్క ముట్టుకోవద్దు. ఇరుసును మెల్లిగా లాగి, గుండ్లను పక్కపక్కగా లెక్కపెట్టి కాగితంమీద రాసుకోండి. మామూలు సైకిలు ముందు హబ్బుకు తరచు పక్కకు 10 ఉంటాయి. చంటిపిల్లలకు అందనివ్వకండి, నోట్లో వేసుకుంటారు!

కిరసనాయిలు గుడ్డతో అన్నీ తుడవండి. ఇది ఆరుబయట, నిప్పుకు దూరంగా చెయ్యవలసిన పని. కప్పులో, కోనులో నున్నని గీత కనిపిస్తే భయం లేదు. స్ఫోటకం మచ్చల్లాగా గుంటలుంటే ఆ భాగం మార్చాలి. గుండ్లు మారిస్తే అన్నీ ఒక్కసారే మార్చాలి. ఒక్కటి రవంత పెద్దదైనా బరువంతా దానిమీదే పడుతుంది.

కప్పుల్లో గ్రీజు మెత్తి గుండ్లు అద్దండి, రాలిపోవు. వంటనూనె వెయ్యకండి, అది జిగురుకట్టి దుమ్మును పట్టుకుంటుంది. ఇరుసు దూర్చి, కోను వేళ్ళతో తగిలేదాకా తిప్పి, రవంత వెనక్కు తిప్పండి.

అసలు మెళకువ ఇక్కడ ఉన్నది. చెక్‌నట్టు బిగిస్తే అది కోనును ఒక వెంట్రుకవాసి లోపలికి నెడుతుంది. కాబట్టి ముందే ఆ వెంట్రుకవాసి వదులు ఉంచాలి. కోనును పానాతో పట్టుకుని నట్టు గట్టిగా బిగించి, ఇరుసును వేళ్ళతో తిప్పి చూడండి. ఊగకూడదు, గరగరమనకూడదు. మొదటిసారి కుదరకపోతే నట్టు వదులుచేసి మళ్ళీ సరిచెయ్యండి. మరీ బిగిస్తే గుండ్లు కప్పును తినేస్తాయి. వదిలేస్తే మలుపులో చక్రం ఊగి మిమ్మల్ని పడవేస్తుంది.

చక్రం ఫోర్కుకు బిగించాక కడపటి పరీక్ష. బ్రేకు తగలకుండా చూసి, చక్రం పైకెత్తి, గాలిపిన్ను పక్కకు ఉంచి వదలండి. పిన్ను దానంతట అదే కిందికి దిగి, రెండుమూడుసార్లు ఊగి ఆగితే మీ పని నెగ్గినట్టే. ఆ కాస్త బరువుకే చక్రం తిరిగిందిగదా! ఎక్కబోయే ముందు ఫోర్కు నట్లు పెద్దవాళ్ళచేత ఒకసారి బిగింపించండి.

ఇక ఈ నెల ప్రశ్న: ఆ పుస్తకాల దొంతి జానెడు కదిలేసరికి దాని కింది గోళీలు ఎంత దూరం కదులుతాయి? ఊహించకండి, కొలిచి చూడండి. సమాధానం వచ్చే నెలలో.