ఎవరు చస్తే యుద్ధం, ఎవరు చస్తే ఊచకోత? కస్టర్ వారసత్వంపై తెగని తగువు

2025 సెప్టెంబర్‌లో అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ ఒక ప్రకటన చేశాడు. 1890 డిసెంబర్ 29న ఊండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసుల మీద కాల్పులు జరిపిన సైనికుల 'మెడల్ ఆఫ్ ఆనర్' పతకాలు వాళ్లకే ఉంటాయని, దాని మీద ఇక చర్చే లేదని తేల్చేశాడు. ఆ దేశపు సైన్యంలో అంతకు మించిన పతకం లేదు. ఆ రోజు చనిపోయిన లకోటాలు 250 మందికి పైనే. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, పిల్లలు. ఈ పతకాలను సమీక్షించమని 2024లో అప్పటి మంత్రి లాయిడ్ ఆస్టిన్ ఇచ్చిన ఆదేశం చివరికి ఇలా ముగిసింది. హెగ్‌సెత్ ఊండెడ్ నీని 'యుద్ధం' అన్నాడు. మేము ఇక్కడ మాట్లాడదలుచుకున్నది ఆ ఒక్క మాట గురించే.

ఆ కాల్పులు జరిపింది 7వ అశ్వికదళం. అంతకు 14 ఏళ్ల ముందు ఆ దళాన్ని నడిపిస్తూ చనిపోయిన లెఫ్టినెంట్ కల్నల్ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ చుట్టూ ఈ మాటల రాజకీయం ఎప్పుడో మొదలైంది.

కస్టర్ 1839లో ఒహాయోలో పుట్టాడు. 1861లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి తన బ్యాచ్‌లో ఆఖరివాడిగా బయటికొచ్చాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడి 23 ఏళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. బానిస యజమానుల సైన్యంతో పోరాడాడు కదా, సమానత్వం కోరినవాడే అయ్యుంటాడని అనుకోవడానికి లేదు. 1866లో నల్లజాతి ప్రజల పౌరహక్కుల బిల్లును వీటో చేసిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ప్రచార యాత్రకు బయల్దేరితే, కస్టర్ ఆయన వెంట ఉన్నాడు.

1868 నవంబర్ 27. ఇప్పటి ఓక్లహోమాలోని వాషిటా నది ఒడ్డు. మంచు కురిసిన తెల్లవారుజామున షయెన్ ఆదివాసుల శిబిరం మీద కస్టర్ దళం నాలుగు వైపుల నుంచి పడింది. అది బ్లాక్ కెటిల్ శిబిరం. శాంతి కావాలని పట్టుబట్టిన పెద్దమనిషి ఆయన. 1864లో శాండ్ క్రీక్ దగ్గర తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేసినా సైన్యం ఆగలేదు. అక్కడ ప్రాణాలతో బయటపడ్డాడు. వాషిటాకు వారం ముందు కూడా ఫోర్ట్ కాబ్‌కు వెళ్లి రక్షణ అడిగాడు. దొరకలేదు. షయెన్ కుర్రాళ్లు కొందరు కాన్సస్‌లో వలసదారుల మీద దాడులు చేశారన్నది సైన్యం చూపిన కారణం. ఆ దాడులు జరిగినవే. అయితే ఆ తెల్లవారుజామున బ్లాక్ కెటిల్, ఆయన భార్య ఇద్దరూ తూటాలకు బలయ్యారు. 53 మంది ఆడవాళ్లను, పిల్లలను బందీలుగా తీసుకెళ్లారు. 800కు పైగా గుర్రాలను చంపేశారు. గుర్రం లేని షయెన్ కుటుంబానికి చలికాలం అంటే ఆకలే. 103 మంది యోధులను చంపామని కస్టర్ రిపోర్టు రాశాడు. షయెన్‌లు చెప్పిన లెక్క అంతకన్నా చాలా తక్కువ, అందులో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ చోటు ప్రభుత్వ రికార్డుల్లో ఈరోజుకీ 'వాషిటా యుద్ధక్షేత్రం'.

1868 ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ లకోటాలవి. 1874లో కస్టరే వెయ్యి మందికి పైగా జనంతో అక్కడికి వెళ్లాడు, బంగారం ఉందన్న కబురు బయటికొచ్చింది. ఆ తర్వాత ఒప్పందాన్ని ఎవరు పట్టించుకుంటారు! 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ ఒడ్డున లకోటా, షయెన్, అరపాహోల పెద్ద శిబిరం మీద దాడికి దిగి, కస్టర్, ఆయనతో ఉన్న సుమారు 210 మంది హతమయ్యారు. అప్పటి పత్రికలు దీన్ని 'కస్టర్ ఊచకోత' అని రాశాయి. ఆయుధాలతో దాడికొచ్చినవాళ్లు చనిపోతే ఊచకోత, నిద్రలో ఉన్న శిబిరం చనిపోతే యుద్ధం.

వీరగాథను అల్లిన చేతులు చాలానే ఉన్నాయి. భార్య లిబ్బీ 1933లో చనిపోయేదాకా మళ్లీ పెళ్లి చేసుకోకుండా, మూడు పుస్తకాలు రాసి భర్త పేరు నిలబెట్టింది. ఒక బీరు కంపెనీ 1896 నుంచి కస్టర్ ఆఖరి పోరాటపు బొమ్మను అచ్చువేసి సారా దుకాణాలకు పంచింది. హాలీవుడ్ సంగతి చెప్పనక్కర్లేదు. 'రెడ్ ఇండియన్' అనే మాట మన తెలుగులో ఇంకా వాడుకలో ఉందంటే అందులో ఆ సినిమాల వాటా ఉంది.

ఆ కొండ మీద 1881లోనే సైనికుల పేర్లతో రాతి స్తంభం లేచింది. ఆదివాసి యోధులు పడిపోయిన చోట్ల ఎర్ర గ్రానైట్ రాళ్లు పెట్టడం మొదలైంది 1999లో. మధ్యలో 1988లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ నాయకుడు రసెల్ మీన్స్ అనుమతి లేకుండానే అక్కడ ఒక ఫలకం పెట్టాడు. 1991 డిసెంబర్‌లో చట్టం చేసి ఆ స్థలానికి కస్టర్ పేరు తీసేశారు. ఆదివాసుల స్మారకం 2003లో తెరుచుకుంది. కథ ఇంకా చిక్కుగానే ఉంది: కస్టర్‌కు దారి చూపింది క్రో, అరికారా తెగల వేగులు, ఆ నేల ఉన్నది నేటి క్రో రిజర్వేషన్‌లో. కోరేగావ్ స్తంభం మీద కంపెనీ సైన్యపు మహర్ల పేర్లు చదివినవాళ్లకు ఈ చిక్కు కొత్తకాదు.

మనకూ ఈ మాటల తగువు తెలుసు. ఊరి పెత్తందార్లు వాడ మీద పడితే మర్నాడు పేపర్లో 'ఇరువర్గాల ఘర్షణ' అని ఎన్నిసార్లు చదివాం? కారంచేడు తర్వాత సాగిన ఉద్యమాల ఒత్తిడి వెనక ఉండబట్టే 1989 చట్టం పేరులోకే 'అత్యాచారాలు' అన్న మాట వచ్చింది. కస్టర్ పేరు తీసేసిన అదే 1991లో, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్లను శ్మశానానికి తీసుకుపోకుండా ఊరి నడుమే పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు మనవాళ్లు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రక్తక్షేత్రం అక్కడే ఉంది.

బ్లాక్ హిల్స్‌ను అన్యాయంగా తీసుకున్నారని, పరిహారం ఇవ్వాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు. వడ్డీతో కలిసి అది వంద కోట్ల డాలర్లు దాటింది. వాళ్లు అడుగుతున్నది నేల. ఊండెడ్ నీ పతకాలను రద్దు చేసే బిల్లు 2019లో కాంగ్రెస్ ముందుకు వచ్చింది. ఇంతవరకూ చట్టం కాలేదు.