పలుకు పెట్టెయా, పాట పెట్టెయా?

ఇటీవల మన ప్రాంతపు గృహములలో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. ఇంట పాటలు వినుటకు ఏ యంత్రమును కొనవలెను? పేరు పెట్టి పిలిచిన పలికి, అడిగిన పాట పాడెడి స్మార్ట్ స్పీకరు మేలా? లేక యాంప్లిఫైయరు, రెండు స్పీకరు పెట్టెలు, వానిని కలుపు తీగలు గల వెనుకటి పద్ధతి స్టీరియో మేలా? పండుగ బేరముల కాలమున హోసూరు అంగళ్లలో ఈ రెండును ప్రక్కప్రక్కనే నిలిచియుండును. తెలుగు పంతులకు ఈ చర్చతో ఏమి పని యని కొందరు నవ్వవచ్చును. పని యున్నది. ఈ రెండింటిలో ఒకటి మాటతో నడచు యంత్రము. మన పాఠశాలయో, ఇంటి మాట నోట నిలుపుటకే పుట్టినది.

ముందుగా ఈ యంత్రములు ఎట్లు పనిచేయునో చూతము. వెనుకటి పద్ధతిలో రేడియో, క్యాసెట్టు, సీడీ, ఫోను వీనిలో ఏదో యొకటి పాటను విద్యుత్సంకేతముగా అందించును. యాంప్లిఫైయరు ఆ సన్నని సంకేతమునకు బలము చేకూర్చును. ఆ బలము తీగల వెంట పోయి స్పీకరులోని తీగచుట్టను ముందునకు వెనుకకు కదల్చగా, దానికి అతికించిన శంకువు గాలిని కదల్చును. ఆ కదలికయే మన చెవికి పాట. స్మార్ట్ స్పీకరులో, అనగా నేను పలుకు పెట్టె యని పిలుచుదానిలో, ఇవన్నియు చిన్నవై ఒక్క గూటిలో ఇమిడియున్నవి. వానితోబాటు కొన్ని మైకులున్నవి. అవి తమ పేరు ఎవరు పిలుతురా యని ఎల్లవేళల చెవి యొగ్గియుండును. పేరు వినబడినంతనే, తరువాతి మాటలు ఇంటర్నెట్టు మార్గమున ఎక్కడనో యున్న కంప్యూటర్లకు చేరును. అచ్చట మాట అక్షరమై, అక్షరము అర్థమై, ఆ అర్థమునకు తగిన పాట మరల మన యింటికి వచ్చును. ఇంత ప్రయాణము రెండు మూడు క్షణములలో ముగియుట నిజముగా అద్భుతమే. దానిని నేను తక్కువ చేయను.

వినికిడి సంగతి త్వరగా ముగింతము. రెండు స్పీకర్లను ఆరేడు అడుగుల యెడముగా నుంచి, ఎదుట అంతే దూరమున కూర్చున్నచో, మంచి రికార్డులో గాయకుని గొంతు నడుమను, వయొలిన్ ఒక వైపునను, మృదంగము మరియొక వైపునను వినబడును. ఒక్క డబ్బాలో ఈ యెడము రాదు. రెండు డబ్బాలను జతచేయవచ్చును గాని, అప్పుడు ధర తక్కువ యన్న మాట వెనుకకు పోవును. వంట చేయుచు వినువారికి ఈ భేదముతో పని లేదు. చిన్న పలుకు పెట్టె నాలుగైదు వేలకు దొరకును. మంచి స్పీకర్ల జతకును యాంప్లిఫైయరునకును అంతకు మూడు నాలుగు రెట్లు కావలెను. చెవిని, సంచిని మాత్రమే బట్టి చూచిన తగవు ఇంతటితో తీరిపోవును. ఎవరి స్తోమతు వారిది.

అసలు తగవు నాలుక దగ్గర నున్నది.

అమెజాన్ వారి ఎకో అను పెట్టె 2014లో అమెరికాలో వెలువడి, 2017లో మన దేశమునకు వచ్చినది. అప్పుడు దానికి ఆంగ్లమే వచ్చును. 2019లో హిందీ నేర్చినది. తెలుగు పాటను పేరు చెప్పి అడిగినచో పాడును; అడుగుట మాత్రము ఆంగ్లములోనో హిందీలోనో జరుగవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడి యున్నారు. ఇటలీ దేశపు జనసంఖ్య ఆరు కోట్లకు కొంచెము అటునిటు. ఆ పెట్టె 2018లోనే ఇటాలియను నేర్చినది! తెలుగు యంత్రమునకు అలవడని భాష యని చెప్ప వీలులేదు. గూగుల్ వారు తమ సహాయక యంత్రమునకు తెలుగు నేర్పుదుమని 2018లో ప్రకటించి ఫోనులలో నేర్పినారు. 2024లో వారి జెమినీయు తెలుగునకు వచ్చినది. నేర్పవలెనన్న నేర్పవచ్చును, ఎవరి కొఱకు నేర్పవలెనను లెక్కలో మనము ఎచ్చట నున్నామన్నదే ప్రశ్న. ఈ విషయమున తమిళ కన్నడ సోదరుల స్థితియు మెఱుగుగా లేదు. మన జిల్లాలోని మూడు భాషలవారమును ఒక్క బల్లమీదనే కూర్చున్నాము.

రేపు ఆ పెట్టెకు తెలుగు వచ్చిన దనుకొందము. ఏ తెలుగు వచ్చును? మొరసునాటి తెలుగు వచ్చునా? డెంకణికోట, తళి, బాగలూరు పల్లెలలో పలుకు తెలుగు పుస్తకములలో చాల తక్కువ. రికార్డులలో ఇంకను తక్కువ. యంత్రము తాను విన్నదానినే నేర్చును. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశములో. అచ్చటి సహాధ్యాయులు నా మాటలో అరవ యాస యున్నదనిరి. సెలవులకు ఇంటికి వచ్చిన, మావారు నేను ఆంధ్రుల యాస పట్టుకొని వచ్చితిననిరి. మనుష్యులకే ఇట్టి చిక్కు లుండగా, ఎక్కడనో యున్న కంప్యూటరు మన అవ్వ మాట ఎట్లు పోల్చుకొనును?

ఆ చిక్కు నొకసారి కన్నులార చూచితిని. శూలగిరి ప్రాంతమున ఒక గ్రామములో మా విద్యార్థిని ఇంటికి పోయినప్పుడు, గూటిలో క్రొత్తగా కొన్న పలుకు పెట్టె యున్నది. అది ఏ కంపెనీదో ఇచ్చట అక్కరలేదు. అవ్వ దానివైపు తిరిగి, "ఎంకటేసుని సుప్రబాతం ఎయ్యప్పా" అనెను. పెట్టె పలుకలేదు. పేరు పెట్టి పిలువవలెనని మనుమరాలు చెప్పగా, పిలిచి మరల అడిగెను. అది తనకు అర్థము కాలేదని ఆంగ్లములో చెప్పెను. అప్పుడు ఏడవ తరగతి చదువు ఆ బాలిక ఆంగ్లములో ఆజ్ఞాపింపగా పాట వచ్చినది. అవ్వ నవ్వి, "పొద్దంతా ఇంట్లో ఉండేది నేను, దానికి మాట సెప్పేది మాత్రం నువ్వా?" యనెను.

ఆ నవ్వు నన్ను బాధించినది. అంతకంటె బాధించినది మరియొకటి. ఆ బాలిక తరగతిలో ఒత్తులు స్పష్టముగా పలుకును. పెట్టెతో మాటలాడునపుడు మాత్రము పాట పేరును తెల్లవారు పలికినట్లు నాలుక మడిచి పలికినది. ఏల యని అడిగితిని. "సరిగ్గా చెప్తే దానికి అర్థం కాదు సార్" అని బదులు వచ్చినది. ళకార ణకారముల కొఱకు తరగతిలో నేను ఏడాది పొడుగున పడు పాటు, ఆ పెట్టె సాయంకాలము ఒక గడియలో చెరిపివేయుచున్నది! తప్పుగా పలికినవారికి బహుమానముగా పాట నిచ్చు ఉపాధ్యాయుని వంటిది అది.

అదే గూటిలో ఒకప్పుడు రేడియో యుండెడిదట. రేడియో చెవి మెలిపెట్టుటకు అవ్వకు ఏ భాషయు అక్కరలేకపోయెను. రేడియో ఆమె నేమియు అడుగలేదు. తానే తెలుగు మాటలాడినది. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమై తమిళముతోబాటు తెలుగు కార్యక్రమములను ప్రసారము చేసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినను, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినను హోసూరు మదరాసు రాష్ట్రముననే నిలిచినది. కాని సరిహద్దు గీత రేడియో తరంగములకు లేదు. పగలు నేలను పట్టి కొంతదూరమే పోవు మధ్యతరంగములు, రాత్రివేళ ఆకాశమున ఎత్తుననున్న ఐనావరణమును తాకి మరలి దూరప్రాంతములకు చేరును. అందువలన చీకటి పడిన పిదప తెలుగుదేశపు కేంద్రములు మన పల్లెలలో వినబడెడివి. పాఠశాల చూడని పెద్దలెందరో వార్తల తెలుగును, నాటకముల తెలుగును ఆ పెట్టెనుండియే నేర్చిరి.

ఇక మన్నిక. వెనుకటి స్పీకరు అంచు చినిగిన అంచు మార్పింతురు; తీగచుట్ట కాలిన మరల చుట్టింతురు. బెంగుళూరు మనకు నలువది కిలోమీటర్లే. అచ్చటి ఎస్పీ రోడ్డు అంగళ్లలో దొరకని విడిభాగము అరుదు. పలుకు పెట్టె ప్రాణము దానిలో లేదు, దానిని అమ్మిన కంపెనీ కంప్యూటర్లలో నున్నది. సోనోస్ అను ప్రసిద్ధ కంపెనీ 2020లో తన పాత స్పీకర్లు కొన్నింటికి క్రొత్త సాఫ్ట్‌వేరు పంపుట మానివేసినది. 2025 మార్చిలో గూగుల్ వారి పాత క్రోమ్‌కాస్ట్ పరికరములు లోకమంతట ఒక్కసారిగా పనిమానినవి. వానిలో ఏ భాగమును చెడలేదు. లోపలి డిజిటల్ ధ్రువపత్రమునకు గడువు తీరినది, అంతే. కొన్ని దినములకు కంపెనీవారు సరిచేసినారనుకొనుడు. కాని మన యింటి గూటిలోని వస్తువు పరదేశపు గడువుతో నిలిచిపోవుట చిత్రము కాదా?

పిల్లలున్న యింట మరియొక ఆలోచన కలదు. పిల్లల కంఠధ్వనుల రికార్డులను తల్లిదండ్రులు తొలగింపుమన్నను తొలగింపక యుంచుకొనినారన్న అభియోగముపై, 2023లో అమెజాన్ కంపెనీ అమెరికా ప్రభుత్వమునకు రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. మన దేశమునను 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేయబడినది; పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని అందున్నది. సమ్మతి యడుగు ఆ పుటలను తెరచి చదువు తల్లిదండ్రు లెందరు? పెట్టెమీద మైకును ఆపు మీట యుండును. కొన్నవారు ముందుగా ఆ మీటను తెలిసికొనవలెను.

పలుకు పెట్టె పక్షమున ఒక గొప్ప మాట చెప్పవలసియున్నది. కన్ను కనబడనివారికి, చేతులు వణకువారికి, మంచము పట్టినవారికి అది సేవకుని వంటిది. మీటలు తడుముకొను పని లేదు, నోటిమాట చాలును. అట్టివా రున్న యింట అది కొనుట తప్పు అనువాడను కాను. కాని మన పల్లెలలో అట్టి వృద్ధులలో ఎందరికి ఆంగ్లమో హిందీయో వచ్చును? ఎవరికి ఎక్కువ అక్కరయో వారి మాటయే దానికి అందకుండుట ఆ సేవకునిలోని లోపము.

కనుక నా యభిప్రాయ మిది. ఇంట పాత యాంప్లిఫైయరు, స్పీకర్లు ఉన్నవారు వానిని తొలగింపరాదు. లేనివారు కొనదలచినచో, వాడినవైనను సరే, మరమ్మతునకు లొంగు స్పీకర్ల జతను, యాంప్లిఫైయరును కొనవలెను. వానికి ఫోనును ఒక్క సన్నని తీగతో తగిలించినచో, ఫోనులో దొరకు పాట లన్నియు వానిలో పలుకును. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ మూలమున హైదరాబాదు, విజయవాడ కేంద్రముల తెలుగు ప్రసారములు పట్టపగలే హోసూరునకు వచ్చును. ఇట్లు క్రొత్తదాని మేలు చాలవరకు పాతదానికి చేరును. అవ్వ చేతికి మీట మిగులును.

పాత యంత్రమును తొలగింపవలదనుటకు మరియొక కారణము గలదు. నా మట్టుకు అన్నింటికంటె ఇదియే పెద్దది. క్యాసెట్టు 1963లో ఫిలిప్స్ కంపెనీ కనిపెట్టినది. తరువాతి కాలమున మన యిండ్లలో పెండ్లి పాటలు, లాలిపాటలు, తాతలు చెప్పిన కథలు, ఊరి హరికథలు అందులో నిలిచినవి. అవి ఏ కంపెనీ పాటల కొట్టులోను లేవు. ఏ పేరుతో పిలిచినను పలుకు పెట్టె వానిని పాడలేదు. ప్లాస్టిక్ పట్టీపై పూసిన ఇనుప పొడిలో నున్న ఆ గొంతులను తేమ, బూజు, కాలము తినివేయుచున్నవి. ఇట్టి సమయమున క్రొత్త పెట్టె కొన్న సంతోషములో పాత టేపురికార్డరును ఇనుప సామానువానికి తూకము వేసి ఇచ్చినచో, క్యాసెట్టు లుండియు వినుటకు దారి యుండదు.

అందుచేత మన విద్యార్థులకు ఒక పని. ఇంట క్యాసెట్టులు ఎన్ని యున్నవో వెదకుడు. బూజు పట్టినవానిని వెంటనే పెట్టి వినకుడు, వేరుగా ఉంచుడు. క్యాసెట్టు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్క లుండును. వానిని విరిచినచో పొరబాటున చెరిగిపోవు భయముండదు. టేపురికార్డరు పనిచేయకున్న చాలసార్లు లోపలి రబ్బరు పట్టీ సాగిపోవుటయే కారణము. అది తక్కువ ఖర్చుతో మారును. పనిచేయు రికార్డరునుండి ఒక తీగను కంప్యూటరునకు తగిలించి, ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో నకలు తీయవచ్చును. గంట క్యాసెట్టునకు గంట పట్టును. తొందరపెట్టు దారి లేదు. ప్రధానోపాధ్యాయులు అనుమతించినచో శనివారపు మధ్యాహ్నములందు మన కంప్యూటరు గదిలో ఈ పని చేయుటకు నేను సిద్ధము. తెచ్చునపుడు ఒక కాగితముపై పాడినవారి పేరు, వారి యూరు, ఏ సందర్భమున పాడినది, ఏ సంవత్సరము అను నాలుగును తెలుగులో వ్రాసి తెండు. సంవత్సరము తెలియనిచో అవ్వ నడుగుడు. ఎవరి పెండ్లిలో పాడినదో ఆమె చెప్పును, అదియే వ్రాయుడు.